ఒడ్డుకు కొట్టుకొచ్చిన వీరుడు
అమెరికన్ కామిక్స్‌లో సూపర్ హీరో పుట్టాలంటే తరచూ ఒక దీవి కావాలి, ఒక ఓడ మునగాలి, అడవి మనుషులు ఎదురురావాలి. ఈ మూడూ నిజంగా ఉన్న చోటు అండమాన్. అక్కడ కథ వేరేలా నడిచింది

2004 డిసెంబర్ 28. సునామీ వచ్చి రెండు రోజులైంది. అండమాన్ దీవుల్లో ఎవరు మిగిలారో చూడటానికి బయల్దేరిన తీర రక్షక దళం హెలికాప్టర్ ఒకటి ఉత్తర సెంటినల్ దీవి మీదికి వచ్చి కిందికి దిగుతోంది. చెట్ల మధ్య నుంచి ఒక మనిషి ఇసుకలోకి దూసుకొచ్చాడు. ఒంటి మీద బట్ట లేదు. విల్లు ఎక్కుపెట్టి హెలికాప్టర్‌కు గురిచూశాడు. అప్పుడు తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. సముద్రం విరుచుకుపడిన రెండో రోజున, ఆకాశం నుంచి వచ్చిన మరో ముప్పును ఒంటరిగా ఎదుర్కొన్న మనిషి అతను.

ఆ ఫొటోనే అమెరికన్ కామిక్స్ గీసే చిత్రకారుడి చేతికిచ్చి కథ అల్లమంటే హీరోను ఎక్కడ పెడతాడు? ఎనభై తొంభై ఏళ్ల అలవాటును బట్టి చూస్తే హెలికాప్టర్‌లోనే. అది కూలిపోతుంది. పైలట్ ఒక్కడే బతుకుతాడు. అడవి మనుషులు అతన్ని మొదట చంపబోతారు, తర్వాత దేవుడంటారు. చివరికి అతనే ఆ దీవికి కాపలాదారు అవుతాడు.

ఇది వేళాకోళం కాదు. ఒంటికి అంటుకున్న దుస్తులు, కనుపాపలు కనిపించని ముసుగు వేసుకున్న తొలి కామిక్స్ వీరుడి పుట్టుక కథ అక్షరాలా ఇదే. హెలికాప్టర్ బదులు అందులో తెరచాప ఓడ ఉంటుంది, అంతే. ఆ వీరుడు ఫాంటమ్. 1936 ఫిబ్రవరి 17న అమెరికా దినపత్రికల్లో మొదలైన ఈ బొమ్మల కథను రాసింది లీ ఫాక్, తొలి బొమ్మలు గీసింది రే మూర్. సూపర్ మ్యాన్ రావడానికి ఇంకా రెండేళ్లుంది.

ఫాక్ చెప్పిన ప్రకారం అది 1536వ సంవత్సరం. క్రిస్టఫర్ వాకర్ అనే ఇంగ్లిష్ యువకుడు తండ్రితో కలిసి ఓడలో వెళ్తుండగా సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా దాడి చేస్తుంది. తండ్రి చనిపోతాడు. ఓడ మునుగుతుంది. స్పృహ తప్పిన కొడుకు ఒడ్డుకు కొట్టుకొస్తాడు. అడవిలో ఉండే మరుగుజ్జు జాతివాళ్లు, విషపు బాణాలు వేసే బందర్ తెగ, అతన్ని మోసుకెళ్లి బతికిస్తారు. తండ్రిని చంపినవాడి పుర్రె మీద అతను ప్రమాణం చేస్తాడు. తానూ తన తర్వాత తన వంశమూ దొంగలనూ దుర్మార్గులనూ అంతం చేయడానికే బతకాలన్నది ఆ ప్రమాణం. బందర్‌లను బానిసలుగా పట్టుకున్న వసాకా అనే మరో తెగ దగ్గర ఒక భూతం విగ్రహం ఉంటుంది. దాని వేషమే వేసుకుని వాళ్లను బెదరగొట్టి బందర్‌లను విడిపిస్తాడు. ముసుగు అక్కడి నుంచి వచ్చింది. అప్పటి నుంచి తండ్రి పోతే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు. ఇప్పటి ఫాంటమ్ ఇరవై ఒకటోవాడు. అడవి మాత్రం నాలుగు వందల ఏళ్లుగా ఒక్కడే, చావులేనివాడే తిరుగుతున్నాడనుకుంటుంది. రహస్యం తెలిసింది బందర్‌లకే. వాళ్లు నోరు విప్పరు.

ఈ కథలో అందరికీ తెలిసిన ముక్కలు చాలా ఉన్నాయి. కిప్లింగ్ 1894లో రాసిన జంగిల్ బుక్, ఎడ్గర్ రైస్ బరోస్ 1912లో సృష్టించిన టార్జాన్ తన మీద పనిచేశాయని ఫాక్ స్వయంగా చెప్పుకున్నారు. బందర్ అన్న పేరు కూడా హిందీలో కోతి అనే మాటే. కిప్లింగ్ కథలో కోతుల గుంపు పేరులో వినిపించేదే. ఒక మనుషుల తెగకు ఆ పేరు పెట్టడంలో తప్పేమీ 1936 నాటి న్యూయార్క్‌లో ఎవరికీ కనిపించలేదు. (తెలుగు పాఠకుడికి బందరు అంటే కోతులు కాదు, లడ్డూలు గుర్తొస్తాయన్నది వేరే సంగతి.) బొమ్మల కథల సంస్థకు ఫాక్ తాను లోకమంతా తిరిగిన సంచారినని చెప్పుకున్నారు. నిజానికి అప్పటికి ఆయన చేసిన పెద్ద ప్రయాణం సొంత ప్రాంతం నుంచి న్యూయార్క్ రావడమే. తూర్పు సముద్రాలూ అడవులూ ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చాయి.

ఆ పుస్తకాల అల్మరాలో అండమాన్‌కు ఒక స్థానం అప్పటికే ఖాయమైపోయింది. 1890లో కోనన్ డాయల్ రాసిన ద సైన్ ఆఫ్ ఫోర్‌లో షెర్లాక్ హోమ్స్ వెంటాడే హంతకుల్లో ఒకడు అండమాన్ ఆదివాసి. పొట్టివాడు, వికారంగా ఉంటాడు, గొట్టంలోంచి విషపు ముల్లు ఊది చంపుతాడు. అండమాన్ ఆదివాసులకు ఊదే గొట్టమంటూ లేనే లేదు. వాళ్ల బాణాలకు విషం పూసే అలవాటూ లేదు. వాళ్లు వాడింది విల్లంబులూ, ఈటెలే. ఫాక్ తన బందర్‌లను అండమాన్ మనుషులను చూసి గీయించారనడానికి ఆధారం లేదు. కానీ బంగాళం పేరు తలపించే తీరం, దట్టమైన అడవి, పొట్టి మనుషులు, విషపు బాణాలు, బతికి బట్టకట్టిన ఒంటరి నావికుడు... ఇవన్నీ కలిపి చూస్తే బంగాళాఖాతం మీద పడమటి ఊహ వందేళ్ల పాటు కప్పిన పొగమంచే ఇదీనూ. ఫాంటమ్ దేశం పేరు మొదట బెంగాలీ, తర్వాత బెంగాల్లా, ఆ తర్వాత బంగాల్లా. మొదట ఆసియాలో ఉన్న ఆ దేశాన్ని ఫాక్ తర్వాత ఆఫ్రికాకు తరలించారు. 1996లో హాలీవుడ్ ఫాంటమ్ సినిమా తీసినప్పుడు అడవి కోసం కెమెరాలు వెళ్లింది థాయ్‌లాండ్‌కు. అంటే ఎక్కడున్నా ఫరవాలేదు, ఓడ మునగడానికి సముద్రం ఉంటే చాలు.

ఓడ మునగడం ఫాంటమ్‌తో ఆగలేదు. గ్రీన్ యారో సంగతి చూడండి. 1941లో పుట్టిన ఈ విలుకాడికి 1959లో కొత్త పుట్టుక కథ రాశారు. జాక్ కిర్బీ గీసిన ఆ కథలో ఒక కోటీశ్వరుడు విహార నౌక నుంచి జారి నిర్జన ద్వీపంలో పడతాడు. ఆకలి తీర్చుకోవడానికి విల్లు తయారుచేసుకుని, గురి నేర్చుకుని, నగరానికి తిరిగొచ్చి హీరో అవుతాడు. 1941 చివర్లో వచ్చిన వండర్ ఉమన్‌దీ దీవే. మగవాడి నీడ పడని ఆ దీవిలో ఒక అమెరికన్ సైనిక విమానం కూలుతుంది. గాయపడ్డ పైలట్‌కు ఉపచారాలు చేసిన రాకుమారి డయానా సూపర్ హీరో అవుతుంది. ఇక్కడ దీవి మనిషే హీరో కదా అనిపిస్తుంది. కానీ ఆమె కథ మొదలవ్వాలంటే పైలట్‌ను వెంటబెట్టుకుని అమెరికాకు బయల్దేరాలి. దీవిలోనే ఉండిపోతే కథే లేదు.

సూపర్ మ్యాన్‌ది కూడా ఓడ మునిగిన కథే అనొచ్చు, కాకపోతే మునిగింది ఒక గ్రహం. క్లీవ్‌లాండ్‌లో పెరిగిన ఇద్దరు కుర్రాళ్లు, వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు జెర్రీ సీగల్, జో షుస్టర్ 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికతో అతన్ని లోకానికి పరిచయం చేశారు. కథతో సహా హక్కులన్నీ అమ్ముకుంటే వాళ్లకొచ్చింది 130 డాలర్లు. పది సెంట్లకు అమ్మిన ఆ సంచిక ప్రతి ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడికీ ఫాంటమ్‌కూ పెద్ద తేడా ఒకటుంది. సూపర్ మ్యాన్ శరణార్థి. వచ్చిన చోట పేరు మార్చుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పదిమందిలో ఒకడిగా ఉద్యోగం చేసుకుంటాడు. ఫాంటమ్ వచ్చిన చోట సింహాసనం వేసుకుని కూర్చుంటాడు. అదీ నిజంగానే, పుర్రె ఆకారపు గుహలో, రాతి సింహాసనం మీద.

మన దేశంలో మాత్రం ఎక్కువ పేరు తెచ్చుకుంది ఫాంటమే. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టినప్పుడు తొలి 32 సంచికలూ అతనివే. 1990లో మూతపడేనాటికి ఎనిమిది వందలకు పైగా సంచికలు వచ్చాయి. అమెరికన్ కథను భారతీయ పిల్లల చేతికిచ్చేముందు సంపాదకులకు కొన్ని చిక్కులు ఎదురయ్యాయి. బెంగాలీ అనే అడవి దేశంలో దొంగలుంటారంటే కలకత్తాలో ఏమనుకుంటారు? అందుకే అది డెంకాలీ అయింది. దొంగలు సింగ్‌లు ఎలా అవుతారు? సింగాలు అయ్యారు. అన్నిటికన్నా ఇబ్బంది, ఒక ఫాంటమ్‌ను వెన్నుపోటు పొడిచి చంపిన దుర్మార్గుడి పేరు రామా. దాన్ని రామలు చేశారు. బొంబాయి సంపాదకులకు అది అర్థంలేని పేరు కావచ్చు. రాములు అనే పేరున్నవాళ్లు వీధికొకరు దొరికే ఊళ్లలో పెరిగిన పాఠకుడు ఉలిక్కిపడే ఉంటాడు. హిందీలో ఫాంటమ్ వేతాళ్ అయ్యాడు, బెంగాలీలో అరణ్యదేవ్. వేతాళ్ అన్న పేరు వింటే తెలుగువాళ్ల మనసులో ముసుగు వీరుడు మెదలడు. చందమామలో శంకర్ గీసిన బొమ్మ, విక్రమార్కుడి భుజం మీద వేలాడే శవమే మెదులుతుంది. దాని ప్రశ్నకు జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. కామిక్స్ వేతాళుడు ప్రశ్నలు అడగడు, పిడిగుద్దులతోనే పని కానిస్తాడు.

పేర్లయితే మార్చారు గానీ ఎవరూ మార్చనిది ఒకటుంది. అడవిని కాపాడటానికి ముసుగు వెనక తెల్లవాడే ఉండాలా అన్న ప్రశ్న అప్పట్లో పెద్దగా వినిపించలేదు. మన సినిమాలు మాత్రం ఆ ప్రశ్నను పట్టించుకోకుండానే తమ దారిన జవాబిచ్చాయి. 1980లో వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ సూపర్ మ్యాన్ అయినప్పుడు ఏ గ్రహమూ పేలలేదు. ఆంజనేయుడు ప్రత్యక్షమై శక్తులిచ్చాడు. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ హను-మాన్‌లోనూ అంతే, నీటి అడుగున దొరికిన మణిలో ఉన్నది హనుమంతుడి శక్తే. అమెరికన్ వీరుడు ప్రమాదంలోంచి పుడతాడు: ఓడ మునగాలి, సాలీడు కుట్టాలి, ప్రయోగశాల పేలాలి. మనవాడికి వరం కావాలి. వరం ఇచ్చేవాడు స్థానికుడు. చిత్రమేమిటంటే అండమాన్ అన్న పేరు కూడా హనుమంతుడి నుంచే వచ్చిందని ఒక వాదం ఉంది. మలయా నావికులు ఆ దీవులను హండుమాన్ అనేవారట. రుజువైన మాట కాదు. పైగా అండమాన్ అడవుల్లో సహజంగా కోతులు లేవు, ఉన్నది నికోబార్‌లో.

బయటి నుంచి వచ్చి అడవి మనుషులకు అండగా నిలిచినవాడి కథ తెలుగునాట నిజంగానే ఒకటి జరిగింది, అదీ ఫాక్ కలం పట్టకముందే. మైదానం నుంచి మన్యానికి వెళ్లిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో పోరాటం మొదలుపెట్టారు. 1924 మే 7న ఆయన్ను పట్టుకుని కాల్చేసేదాకా ఆ రెండేళ్లలో తుపాకీ గుళ్లు ఆయన్ను తాకవన్న నమ్మకం పుట్టింది. చనిపోయాక, చనిపోలేదన్న వదంతులూ పుట్టాయి. చావులేనివాడు, నీడలా తిరిగేవాడు. తేడా ఎక్కడంటే, అడవి మీద హక్కు లాక్కున్న చట్టమే ఆయన పోరాటానికి కారణం. ఆయన పక్కన ఉన్నవాళ్లకు పేర్లున్నాయి, గాం గంతం దొర, గాం మల్లుదొర. ఫాంటమ్ కథల్లో బందర్ నాయకుడు గురాన్ ఎన్నేళ్లయినా సహాయకుడే. మల్లుదొర ఉరిశిక్ష తప్పించుకుని యావజ్జీవ ఖైదీగా అండమాన్ చేరారు. విడుదలై తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మల్లుదొరను మోసుకెళ్లిన ఓడ దారి అంతకు అరవై ఏళ్లకు పైగా ముందే వేసినది. 1857 తిరుగుబాటు ఖైదీలను ఎక్కడ పెట్టాలో తోచక బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌ను ఎంచుకుంది. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో దిగిన తొలి సూపరింటెండెంట్ ఆగ్రా జైలు నుంచి వచ్చిన డాక్టర్. ఆయన పేరు జేమ్స్ పాటిసన్ వాకర్. అవును, వాకరే. ఫాంటమ్ ఇంటిపేరుతో కలవడం కేవలం యాదృచ్ఛికం. కానీ ఓడ దిగిన వాకర్ నిజ జీవితంలో ఏం చేశాడో చూడటానికి పనికొచ్చే యాదృచ్ఛికం. పారిపోయి, ఆకలికి తాళలేకో ఆదివాసుల బాణాలకు భయపడో తిరిగొచ్చిన ఖైదీల్లో ఎనభై మందికి పైగా మనుషులను ఆయన ఉరితీయించాడు.

అలా పారిపోయినవాళ్లలో ఒకడు తిరిగి రాలేదు. పద్నాలుగో దళానికి చెందిన సిపాయి దూధ్‌నాథ్ తివారీ 1858 ఏప్రిల్‌లో గుంపుతో తప్పించుకున్నాడు. ఆదివాసుల బాణాలకు తోటివాళ్లు చనిపోయారు. గాయాలతో మిగిలిన తివారీని వాళ్లు చంపలేదు. తమతో తీసుకెళ్లారు. తల గొరిగారు, ఒంటికి మట్టి పూశారు, ఆడపిల్లలనిచ్చి పెళ్లి చేశారు. ఏడాదికి పైగా వాళ్ల భాష మాట్లాడుతూ వాళ్లతో కలిసి దీవులు తిరిగాడు. ఇంతవరకూ ఇది ఫాంటమ్ మొదటి అధ్యాయమే. బహుశా అంతకన్నా మంచి కథ.

రెండో అధ్యాయం వేరు. అడవి నరికి జైలు కట్టుకుంటున్న బ్రిటిష్ స్థావరం మీద దాడి చేయాలని అండమానీయులు సిద్ధమయ్యారు. 1859 మేలో తివారీ వాళ్లకు చెప్పకుండా అబర్డీన్ స్థావరానికి చేరుకుని సంగతి బయటపెట్టాడు. మే 17న విల్లంబులతో వచ్చినవాళ్లకు తుపాకులు ఎదురు చూస్తున్నాయి. ఎంతమంది చనిపోయారో లెక్క రాసిపెట్టినవాళ్లు లేరు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. అండమాన్‌లో వదిలేసిన భార్యల్లో ఒకరు గర్భవతి అని చెబుతారు. ఆ యుద్ధానికి గుర్తుగా ఒక స్తూపం ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఊరి పేరు మాత్రం మారింది. పోర్ట్ బ్లెయిర్ 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం. తివారీని విలన్ అనడం తేలిక. కానీ అతనూ ఖైదీయే, ఉరితాడు ముందు నిలబడ్డవాడే. కామిక్స్ రచయితలకు అసలు రుచించని పాత్ర ఇది. రక్షకుడూ కాదు, రాక్షసుడూ కాదు. తన ప్రాణం ఖరీదుకు తనను బతికించినవాళ్లను అమ్ముకున్న మనిషి.

ఆ తర్వాత కాపలాదారులమని చెప్పుకున్నవాళ్లూ వచ్చారు. బ్రిటిష్ అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ ఆదివాసుల మీద పెద్ద పుస్తకాలు రాశాడు, వందల ఫొటోలు తీశాడు. 1880లో ఆయన దళం ఉత్తర సెంటినల్ దీవిలో దిగి వెతికి వెతికి ఒక వృద్ధ దంపతులనూ నలుగురు పిల్లలనూ పట్టుకుంది. పోర్ట్ బ్లెయిర్ చేర్చగానే వాళ్లకు జబ్బు చేసింది. ముసలివాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లలకు బోలెడు బహుమతులిచ్చి దీవిలో వదిలేసి వచ్చారు. ఆ పిల్లలు తమవాళ్లకు ఏం చెప్పుకుని ఉంటారో, ఆ కథ ఎన్ని తరాలు నడిచిందో మనకు తెలిసే దారి లేదు. 2004 నాటి ఆ బాణం వెనక అదీ ఉండొచ్చు. పుట్టుక కథలు అమెరికన్ వీరులకే కాదు, భయాలకూ ఉంటాయి.

లెక్కలు చెబితే విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. వాకర్ దిగేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనాభా లెక్కల్లో 19 మంది. కారణం యుద్ధాల కన్నా ఎక్కువగా మీజిల్స్, సిఫిలిస్ లాంటి జబ్బులు, ఒడ్డుకు దిగినవాళ్లు తెచ్చినవి. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోవడంతో బో భాష మాట్లాడే మనిషి భూమ్మీద లేకుండాపోయారు. భాషా శాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలనూ పాటలనూ అప్పటికే రికార్డు చేసి ఉంచారు. తన భాషలో మాట్లాడేందుకు మనిషి లేక ఆమె పక్షులతో మాట్లాడేవారని అబ్బి చెప్పారు.

ఆ జనానికి తమ వీరులు లేకపోలేదు. 1906-08 మధ్య అక్కడ తిరిగిన మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో అచ్చేసిన పుస్తకంలో వాళ్ల కథలున్నాయి. తుపానులు పంపే బిలికు దగ్గర మాత్రమే నిప్పు ఉండేది. ఎవరికీ ఇచ్చేది కాదు. బిలికు నిద్రపోతుండగా లకుముకి పిట్ట వెళ్లి నిప్పు దొంగిలించింది. చాలా కథనాల్లో దొంగ అదే, కొన్నింట్లో వేరే పిట్టలు. పూర్వీకులంతా అప్పట్లో పక్షులూ జంతువులూనట. అసాధ్యమైన పని, పగబట్టిన దేవత, ఒంటి మీద మిగిలిపోయిన గుర్తు... సూపర్ హీరోకు కావాల్సిన సరంజామా అంతా ఉంది. ఒక్కటే లోటు. ఈ కథలో ఓడ లేదు. బయటివాడెవడూ వచ్చి నిప్పు ఇవ్వలేదు.

ఓడ నిజంగానే వచ్చిన రోజూ ఉంది. 1981 ఆగస్టులో ప్రింరోజ్ అనే సరుకుల ఓడ తుపానులో ఉత్తర సెంటినల్ పక్కన పగడపు దిబ్బ మీద ఇరుక్కుపోయింది. ఫాంటమ్ కథ మొదలవ్వాల్సిన చోటు సరిగ్గా ఇదే. కొన్ని రోజులకు ఒడ్డున విల్లంబులతో మనుషులు గుమిగూడారు. ఓడ నుంచి ప్రాణభయంతో సందేశాలు వెళ్లాయి. హెలికాప్టర్ వచ్చి సిబ్బందిని తీసుకెళ్లింది. దీవి మనుషులు ఓడ దగ్గరికి వెళ్లి ఇనుము తెచ్చుకుని బాణాలకు ములుకులు చేసుకున్నారు. వాళ్లకు ఆ ఓడతో ఉన్న పని అంతే.

దీవితో స్నేహం లాంటిది ఒక దశలో కుదిరింది. 1991 జనవరి 4న మానవ శాస్త్ర సర్వే బృందం కొబ్బరికాయలు నీళ్లలో వదులుతుంటే సెంటినలీలు ఆయుధాలు లేకుండా వచ్చి అందుకున్నారు. ఆ బృందంలో మధుమాల చటోపాధ్యాయ అనే యువతి ఉన్నారు. ఒక కుర్రాడు విల్లు ఎక్కుపెడితే పక్కనున్న సెంటినలీ స్త్రీ అతన్ని తోసిందనీ, బాణం నీళ్లలో పడిందనీ ఆమె తర్వాత చెప్పారు. వెళ్లినవాళ్లెవరూ అక్కడ ఉండిపోలేదు, ఎవరినీ ఉద్ధరించలేదు. కొన్నేళ్లకు ఆ ప్రయాణాలు కూడా ఆపేశారు. జబ్బులు అంటిస్తామన్న భయం అందుకు ముఖ్య కారణం. ఇప్పుడు దీవి చుట్టూ అయిదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదు.

ఈ నిర్ణయానికి కామిక్స్‌లో సాటి వచ్చే దేశం వకాండా ఒక్కటే. 1966లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన బ్లాక్ పాంథర్ దేశం అది. బయటివాళ్లకు తలుపులు మూసుకుని తన సంపదనూ తన కథనూ తానే కాపాడుకుంటుంది. అమెరికన్ కామిక్స్ పాత అలవాటు అక్కడ కాస్త తిరగబడింది. అడవికి వీరుడు కావాలంటే అడవిలోనే పుట్టొచ్చని ఒప్పుకుంది. 2018 ఫిబ్రవరిలో ఆ సినిమా వచ్చినప్పుడు ప్రపంచం లేచి చప్పట్లు కొట్టింది. అదే ఏడాది ఆగస్టులో అండమాన్‌లో విదేశీయులకు ప్రత్యేక పర్మిట్ అవసరం లేని దీవుల జాబితా విడుదలైంది. ఉత్తర సెంటినల్ పేరు అందులోనూ ఉంది, ఆదివాసుల రక్షణ చట్టం మాత్రం అలాగే ఉంది. నవంబర్‌లో 26 ఏళ్ల అమెరికన్ మత ప్రచారకుడు మత్స్యకారులకు పాతిక వేల రూపాయలిచ్చి రాత్రివేళ అక్కడికి చేరాడు. మొదటి ప్రయత్నాల్లో ఒక కుర్రాడు వేసిన బాణం అతని చేతిలోని బైబిల్‌కు తగిలింది. డైరీలో ఆ సంగతి రాసుకుని, మళ్లీ వెళ్లాడు. అతని శవాన్ని ఇసుకలో పూడుస్తుండగా చూశామని మత్స్యకారులు చెప్పారు. శవం తెచ్చే ప్రయత్నాన్ని ప్రభుత్వం విరమించుకుంది. అది సరైన నిర్ణయం, తల్లిదండ్రులకు ఎంత కష్టమైనా సరే.

ఆ యువకుడు కామిక్స్ చదివి వెళ్లాడని కాదు. ఒడ్డున దిగిన ఒంటరి మనిషి వల్ల దీవి బాగుపడుతుందన్న నమ్మకం కామిక్స్ కన్నా చాలా పాతది. ఫాక్ దానికి ముసుగు తొడిగారు, అంతే. ముసుగు వేసుకున్న బొమ్మ పిల్లలకు నచ్చడంలో తప్పు లేదు. వేళకు రాని ఇంద్రజాల్ కోసం పుస్తకాల షాపు చుట్టూ తిరిగినవాళ్లు ఇవాళ్టికీ దాన్ని ప్రేమగానే తలుచుకుంటారు. కాకపోతే బంగాళాఖాతం అవతలి ఒడ్డు తెలుగువాళ్లకు ఊహాలోకం కాదు. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి అక్కడ వల వేసేవాళ్లూ, దుకాణాలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అంటే ఒడ్డుకు దిగినవాళ్లలో మనమూ ఉన్నాం. జరావాల అడవి మధ్యగా వేసిన ట్రంక్ రోడ్డును ఆ మేరకు మూసేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. అద్దాల్లోంచి జరావాలు కనిపిస్తారేమోనని చూస్తూ పర్యాటకులు దాని మీదే వెళ్తూ వచ్చారు. 2012లో జరావా ఆడవాళ్లచేత డాన్సు చేయించిన వీడియో బయటికొచ్చినప్పుడు దేశం సిగ్గుపడింది, కొన్నాళ్లు.

2025 మార్చిలో మరో అమెరికన్, 24 ఏళ్లవాడు, గాలితో నింపే పడవ మీద ఉత్తర సెంటినల్ చేరాడు. ఒడ్డున నిలబడి ఈల వేశాడు. ఎవరూ రాలేదు. కాసేపు ఇసుక మీద నడిచి, కొంత ఇసుక తీసుకుని, వీడియో తీసుకుని, ఒక కొబ్బరికాయా ఒక డైట్ కోక్ డబ్బా అక్కడ పెట్టి వెనక్కి వచ్చాడు. తర్వాత పోలీసులు అరెస్టు చేశారు.

ఆ దీవిలో ఎంతమంది ఉన్నారో తెలియదు. 2011లో పడవలోంచి దూరంగా చూసి లెక్కపెట్టినవాళ్లకు పదిహేను మంది కనిపించారు. వాళ్లు తమను తాము ఏమని పిలుచుకుంటారో తెలియదు. సెంటినల్ అన్నది బయటివాళ్లు దీవికి పెట్టిన పేరు. ఇంగ్లిష్‌లో ఆ మాటకు అర్థం కాపలావాడు.